థర్మన్ నవ్వుతున్న ఫోటో

ఆ శనివారం పొద్దున ట్రైలర్ల వెనక తన తమ్ముడూ, థర్మన్ గేథర్సూ మాటామాటా అనుకోవడం ఓజెల్లా చెవిన పడింది. ఆమె గడ్డిమోపుల చాటున కూర్చుని కెమెరాకి లెన్స్ మారుస్తోంది. వాళ్లకి ఆమె కనపడదు.

"ఇవాళ ఏమన్నా జరిగితే నన్ననకు లానెల్. ముందే చెప్తున్నా," అంటున్నాడు థర్మన్.

"నోరు మూసుకుని గుర్రం ఎక్కు. ఈ ఒక్క సీజన్. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"చెప్పాల్సింది చెప్పా. తర్వాత నీ ఇష్టం."

బూట్ల చప్పుడు దూరమైంది. పోటీకి ముందు మగవాళ్లకి ముక్కు మీదే ఉంటుంది కోపం. ఓజెల్లా పట్టించుకోలేదు. లెన్స్ బిగించుకుని కంచె దగ్గరికి వెళ్లిపోయింది.

మా ఊరు టాలివర్‌లో అందరూ ఆమెని మిస్ జెల్లా అంటారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఓక్లహోమా తూర్పు వైపు మా నల్లవాళ్ల ఊళ్లలో ఎక్కడ రోడియో, అదే గుర్రాల, కోడెల పోటీలు, జరిగినా మోకాళ్లకి తొడుగులు వేసుకుని, కంచె అడుగు కమ్మీకి కెమెరా ఆనించి పడుకుని ఉంటుంది. ఆమె తీసిన ఫోటో లేని ముందుగది మా ఊళ్లో లేదు. ఫోటో ఒకటే అయినా కథలు మాత్రం మనిషికొకటి. చర్చి పెద్ద డీకన్ హోరస్ గుర్రం మీంచి ఎగిరిపడుతూ కూడా టోపీ గట్టిగా పట్టుకున్న ఫోటో ఒకటుంది. "ప్రాణమైనా వదులుతాడు గానీ టోపీ వదలడు," అని ఆయన భార్య పగలబడి నవ్వుతుంది. ఆయనేమో ఆ టోపీ చచ్చిపోయిన వాళ్ల నాన్నదని చెప్పి కళ్లు తుడుచుకుంటాడు. "నేను మీట నొక్కుతానంతే. కథలు మీరే అల్లుకుంటారు," అనేది ఓజెల్లా.

లానెల్‌ది కోడెను పడగొట్టే పోటీ. గేటు తెరవగానే కొమ్ముల కోడె ఒకటి దూసుకొస్తుంది. దానికి ఎడమ పక్కన గుర్రం మీద లానెల్. పరుగులోనే జీను మీంచి జారి, కొమ్ములు పట్టుకుని, మడమలు నేలలో దిగేసి, మెడ తిప్పి దానికి మట్టి కరిపించాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదది. కోడెకి కుడి పక్కన ఇంకో గుర్రం మీద పక్కరౌతు ఒకడు దాన్ని ఒరుసుకుంటూ పరిగెత్తాలి, అది అటు మళ్లిపోకుండా. కోడె అటు తప్పుకుందా, దూకినవాడికి కింద నేల తప్ప ఏమీ దొరకదు. గెలిస్తే పేరంతా దూకినవాడిదే. పక్కరౌతు పేరు మైకులో సరిగ్గా పలకను కూడా పలకరు. మీసాలు రాకముందు నుంచీ లానెల్‌కి పక్కరౌతు థర్మనే. "నా కుడి పక్కకి నేను చూడను. అక్కడ థర్మన్ ఉంటాడు," అని లానెల్ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ మధ్యాహ్నం ఓజెల్లా మైదానం ఆ చివర, వాళ్లకి ఎదురుగా పడుకుని ఉంది. గేటు తెరుచుకుంది. రెండు గుర్రాలూ, మధ్యలో కోడే, దుమ్ములో ఒక్క ముద్దలా ఆమె వైపు వచ్చాయి. లానెల్ పక్కకి ఒరిగాడు. జీను వదిలాడు. చేతులు చాచాడు. కోడె కుడికి తప్పుకుంది. అక్కడ దాన్ని ఆపాల్సిన గుర్రం బయటికి జరిగిపోయి ఉంది. లానెల్ తలా భుజమూ నేలకి కొట్టుకుని, పల్టీలు కొట్టుకుంటూ వెళ్లి, నడుం కంచె స్తంభానికి తగిలి ఆగాడు. మళ్లీ లేవలేదు.

అంబులెన్సు ఎక్కిస్తుంటే రోడియో కమిటీ అమ్మాయి వచ్చి చెయ్యి చాచింది. ప్రతి పోటీ కాగానే కెమెరా కార్డు వాళ్లకివ్వడం అలవాటు. వాళ్లు బొమ్మలన్నీ అప్పటికప్పుడు అందరి ఫోన్లకీ పంపేస్తారు. ఓజెల్లా ఏం చేస్తున్నదీ తెలియకుండానే కార్డు తీసి ఆ చేతిలో పెట్టి, లానెల్ భార్య మార్వెటా పక్కన కూలబడింది. టల్సా ఆస్పత్రి దాకా వదినా మరదళ్లు ఆ అంబులెన్సులోనే వెళ్లారు.

లానెల్ బతికాడు. తుంటి విరిగింది, మెడలో ఒక పూస చిట్లింది. నడుస్తాడు గానీ ఎప్పటికో చెప్పలేమన్నారు డాక్టర్లు.

మర్నాడు చర్చి వదిలేసరికి ఊరందరి చేతుల్లోనూ అదే ఫోటో.

లానెల్ గాల్లో ఉన్నాడు, వేళ్లు విచ్చుకుని. కోడె అతనికి అందకుండా పక్కకి వంగిపోయింది. దానికీ థర్మన్ గుర్రానికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. థర్మన్ కళ్లెం బయటికి లాగి పట్టుకున్నాడు. అతని చూపు కోడె మీద లేదు, పడిపోతున్న స్నేహితుడి మీదా లేదు. సూటిగా ముందుకి, కెమెరాలోకి చూస్తున్నాడు. పళ్లన్నీ బయటికి కనపడుతున్నాయి.

"నవ్వుతున్నాడు," అని తేల్చేశాడు క్లియోన్. ఊళ్లో సెలూన్ అతనిదే. ఊరి సంగతులన్నీ తెగేది అక్కడే.

"ఎండకి మొహం చిట్లించాడేమోరా," అన్నాడు కుర్చీలో కూర్చున్నవాడు.

"ఎండకి చిట్లిస్తే కళ్లు ముడుచుకుంటాయి. ఇది కడుపులోంచి వచ్చిన నవ్వు. స్కూల్లో ఉన్నప్పుడు మార్వెటాని డాన్సుకి తీసుకెళ్లింది ఎవరు? థర్మనే కదా. తర్వాత లానెల్ తన్నుకుపోయాడు."

"ఎప్పటి మాటరా బాబూ అది!"

"పెళ్లాం వదిలేసి పోయిన ఇంట్లో ఒక్కడే కూర్చుంటే ఎప్పటి మాటైనా నిన్నటిలాగే ఉంటుంది. నువ్వు తల కదపకు, చెవి తెగుతుంది."

ట్రైలర్ల వెనక తను విన్న మాటలు ఓజెల్లా ఎవరికీ చెప్పలేదు. కానీ అవి ఆమెని తినేస్తున్నాయి. *ఏమన్నా జరిగితే నన్ననకు.* చెయ్యబోయేవాడే అలా అంటాడు కదా అనిపించేది. ఆస్పత్రి వరండాలో మార్వెటా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లినప్పుడు ఆ మాటలే నాలిక మీద ఉన్నాయి.

"వదినా, నీకొకటి చెప్పాలి. ఆ రోజు పొద్దున థర్మన్ నా దగ్గరికొచ్చాడు. 'లానెల్‌ని ఇవాళ దిగొద్దను, నా మాట వినట్లేదు' అన్నాడు. ఎందుకురా అని అడిగితే నేల చూపులు చూస్తాడు. జరగబోయేది వాడికి ముందే ఎలా తెలుసు?"

ఓజెల్లా అప్పుడు తను విన్నది చెప్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు ముక్కలూ అతుక్కుని ఒకటే బొమ్మయ్యాయి.

గదిలో లానెల్ మెడకి గట్టి పట్టీతో పడుకుని, పైకప్పు వైపు చూస్తున్నాడు.

"థర్మన్ నిన్ను కావాలనే పడేశాడా?" అని సూటిగా అడిగింది ఓజెల్లా.

"గుర్రం జారింది."

"జారలేదు. నా దగ్గర ఫోటో ఉంది."

"నీ ఫోటోలు నువ్వే చూసుకో అక్కా. నన్నొదిలెయ్." కళ్లు మూసుకున్నాడు.

ఆ మాట ఊళ్లోకి వచ్చేసరికి ఇంకోలా మారింది. లానెల్ ఆ పేరెత్తితేనే మొహం తిప్పుకుంటున్నాడట, ఏడుస్తున్నాడట, కేసు పెడతాడట. ఎవరో థర్మన్ పొలం కంచె తీగ తెంపారు. అతని ముసలి గుర్రం హైవే మీద దొరికింది. టపా డబ్బా మీద ఎర్రరంగుతో 'పాము' అని రాశారు. రోడియో కమిటీ ఇక గేటు లోపలికి రావద్దని కబురు పెట్టింది. చర్చిలో అతను కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు. థర్మన్ ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. డబ్బా మీద రంగు గీకేసి, గుర్రాన్ని తెచ్చి కట్టేసుకుని, బస్సు కడుక్కోవడానికి వెళ్లాడు.

థర్మన్ నడిపేది మా స్కూలు బస్సు. బడి తెరిచే రోజు దగ్గరికొచ్చేసింది. అతన్ని ఇన్ని రకాలుగా అనుమానించినవాళ్లలో ఒక్కరికి కూడా పిల్లల్ని ఆ బస్సెక్కించడానికి సందేహం రాలేదు. పిల్లలంటే థర్మన్‌కి ప్రాణం, అది వేరే సంగతి అనుకున్నారు.

ఓజెల్లాకి కుదురు లేదు. థర్మన్ తమ అమ్మ వంటింట్లోనే లానెల్‌తో కలిసి ఒకే కంచంలో తిని పెరిగినవాడు. వాడి మనసులో విషం ఎప్పుడు చేరింది? తెలుసుకోవాలని కిటికీ పక్క బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఫోటోలు తెరిచింది. ముందు ఆ శనివారానివి. ఒక దాంట్లో ఎవరిదో పాప జెండా పట్టుకుని నవ్వుతోంది. పాప వెనక దూరంగా, ట్రైలర్ పక్కన, మార్వెటా. ఏడుస్తోంది. థర్మన్ చొక్కా చేతిని పిడికిట్లో పట్టుకుని ఉంది.

ఓజెల్లా వెంటనే ఫోన్ చేసింది. "థర్మన్ వచ్చి మాట్లాడాడన్నావు. నువ్వు ఏడ్చావని, వాడి చెయ్యి పట్టుకున్నావని చెప్పలేదే?"

"ఓహో. ఇప్పుడు నన్ను కూడా కెమెరాలో పెట్టి చూస్తున్నావన్నమాట," అంది మార్వెటా. "వయసైపోతోంది, ఈ దూకుళ్లు మానెయ్యమని ఏడాదిగా మొత్తుకుంటున్నా. నీ తమ్ముడు వింటేనా! ఏడుపు రాదా నాకు? చేతికి దొరికింది వాడి చొక్కా, పట్టుకున్నా. సెలూన్లో క్లియోన్ మాటలు నీ నోట వినాల్సొచ్చింది, చాలు వదినా." ఫోన్ పెట్టేసింది.

ఓజెల్లాకి సిగ్గేసింది. అయినా నిజం చెప్పాలంటే, ఆ అనుమానం పూర్తిగా పోలేదు. మళ్లీ ఆ పిడికిలి పెద్దది చేసి చూసింది.

తర్వాత వెనక్కి వెళ్లింది, ఒక్కో ఏడాదీ. పాత ఫోటోల్లో కోడె పక్కన పరిగెత్తుతున్న థర్మన్ గడ్డం నిటారుగా ముందుకి ఉంది. కళ్లు మాత్రం ఓరగా కోడె వైపు. కొన్నేళ్ల తర్వాతివాటిలో గడ్డం కాస్త ఎడమకి తిరిగింది. గిరుక్కున తిప్పినట్టు కాదు, అలవాటుగా. కిందటి ఏడాదికి ఇంకా తిరిగింది. ఈ వసంతంలో తీసినవాటిలో గడ్డం వచ్చి ఎడమ భుజం మీద కూర్చుంది, గుడ్లగూబలా. చర్చి విందుల ఫోటోలు తెరిచింది. నలుగురూ వరసగా నుంచుంటే థర్మన్ ఎప్పుడూ చివర. మనుషులకి ఎడంగా జరిగిపోతున్నాడు, లోపల ఏదో పెట్టుకునే, అనుకుంది మొదట. కానీ ఎప్పుడూ ఒకే చివర. అందరూ తనకి కుడి పక్కనే ఉండేలా.

ఓజెల్లా లేచి నుంచుని అరచేత్తో ఎడమ కన్ను మూసుకుంది. వంటింటి వైపు నడిచింది. గుమ్మం దాటుతుంటే భుజం ఠక్కున తలుపుచెక్కకి కొట్టుకుంది.

అయినా నమ్మలేదు. ఫోటోలు చూసి కథ అల్లడం తనక్కూడా అంటుకుందేమో అనుకుంది. ఆ గుడ్లగూబ ఫోటో ఒకటి చేతిలో పట్టుకుని, కారు రోడ్డు మీదే ఆపి, గడ్డిలోంచి థర్మన్ ఇంటికి నడిచింది.

థర్మన్ వరండాలో కూర్చుని ఒళ్లో గిన్నె పెట్టుకుని బొబ్బర్లు ఒలుస్తున్నాడు. ఓజెల్లా అతని ఎడమ పక్కగా వచ్చింది. కుక్క తోక ఊపింది గానీ మొరగలేదు. మెట్టెక్కి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరలో నుంచుని, ఫోటో అతని చెంప పక్కకి పెట్టింది. థర్మన్ ఏదో కూనిరాగం తీస్తూ ఒలుచుకుంటూనే ఉన్నాడు.

"థర్మన్."

అతను అదిరిపడ్డాడు. బొబ్బర్లు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. "ఎప్పుడొచ్చావక్కా? కారు చప్పుడే వినపడలేదు."

"వచ్చి చాలాసేపైంది. ఇక్కడే ఉన్నా. నీ పక్కనే."

థర్మన్ మొహం తిప్పి ఆమెని చూశాడు, తర్వాత ఆమె చాచిన చేతిని. బుకాయించే ప్రయత్నం చెయ్యలేదు.

"నీటికాసులు," అన్నాడు. "మా నాన్నకీ ఇదే. నొప్పి ఉండదు, ఏముండదు, అంచుల్లోంచి తినుకుంటూ వస్తుంది. ఎడమది పోయింది. కుడిదానికి చుక్కల మందు వేసుకుంటున్నా."

"ఆ రోజు ఏమైంది?"

"కోడెని డెక్కల చప్పుడుతోనే పట్టుకుంటున్నా. సగం దూరంలో మైకులో పాట పెంచారు. చప్పుడు పోయింది. తల తిప్పితే ఎదర కంచె తెలీదు, తిప్పకపోతే కోడె తెలీదు. దాని మీదికే తోలేస్తున్నానేమో, లానెల్ నా గుర్రం కాళ్ల కింద పడతాడేమో అనిపించింది. బయటికి లాగేశా. నేను నవ్వలేదక్కా. ఆగమని అరిచా."

"లానెల్‌కి తెలుసా?"

"చలికాలం నుంచీ తెలుసు. ఇంకొకణ్ణి పెట్టుకోరా అని కాళ్లావేళ్లా పడ్డా. 'నువ్వు సగం చూపుతో వచ్చినా ఫరవాలేదు, ఇంకోడితో నేను దిగను. ఈ ఒక్క సీజన్' అన్నాడు. నేను కాదంటే నిజంగానే మానేసేవాడు. మానెయ్యనివ్వాల్సింది."

"మరి ఊరంతా నిన్ను పాము అంటుంటే నోరు మెదపవేం?"

"పాము బస్సు నడపొచ్చక్కా. గుడ్డివాడు నడపకూడదు."

అప్పటిదాకా ఓజెల్లాకి బస్సు సంగతి తట్టనే లేదు.

"పోయిన ఏడాదంతా ఈ కన్నుతోనే నడిపావా?"

"అప్పటికి ఇంకా కొంచెం ఉంది," అన్నాడు మొహం పక్కకి పెట్టి. అది నిజమో కాదో ఓజెల్లాకి అర్థం కాలేదు. "అద్దాలుంటాయి కదా. ఆ దారి నాకు కళ్లు మూసుకున్నా..." అని, తను అన్నది తనకే వినపడి ఆగిపోయాడు.

"కళ్లు మూసుకునే నడుపుతున్నావు. సోమవారం లానెల్ మనవరాలు ఇమానీ మొదటిసారి బడికెళ్తోంది. రిబ్బన్లు కొన్నారు, సంచీ కొన్నారు. ఆ పిల్ల రోడ్డు దాటొచ్చేది నీ ఎడమ పక్క నుంచే."

"నువ్వు చెప్పేస్తావా?"

"నీ నోటితో నువ్వే చెప్పు."

థర్మన్ వంగి, అరచేత్తో నేల తడుముతూ బొబ్బర్లు ఏరడం మొదలుపెట్టాడు. చెప్తాననలేదు, చెప్పననలేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లింది ఓజెల్లా. మార్వెటా బట్టలు మార్చుకోవడానికి ఇంటికెళ్లిన సమయం చూసుకుని వెళ్లింది.

"వాడు చెప్పాడా?" అన్నాడు లానెల్, ఆమె మొహం చూడగానే.

"వాడి గడ్డం చెప్పింది."

"ఎవరికీ చెప్పకక్కా. ఆ బస్సు కూడా పోతే వాడికేం మిగుల్తుంది? బలవంతం చేసింది నేను, మంచం ఎక్కింది నేను. మా ఇద్దరి మధ్యా అయిపోయింది అది."

"ఊరు వాణ్ణి చంపేస్తుంటే కూడా గుర్రం జారిందనే అన్నావు."

"మరేం అనను? కన్ను సంగతి అనలేను కదా."

"మీ ఇద్దరి మధ్యా అయిపోయిందేమో. బస్సు నిండా పిల్లలున్నారు లానెల్. మన ఇమానీ ఉంది."

లానెల్ మెడ తిప్పుకోలేడు. కళ్లు మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. చెంప మీంచి నీళ్లు కారి మెడ పట్టీలోకి ఇంకిపోయాయి. తుడుచుకోలేదు.

శనివారం థర్మన్ నుంచి కబురు లేదు. ఆదివారం చర్చికి రాలేదు. ఓజెల్లా రెండుసార్లు ఫోన్ చేసింది, తియ్యలేదు. మోసం చేస్తున్నాడు, నాన్చి నాన్చి సోమవారం బస్సెక్కి కూర్చుంటాడు అనుకుంది. సోమవారం తెల్లవారుతుండగా కారు తీసుకెళ్లి బస్సు షెడ్డు గేటుకి అడ్డంగా పెట్టి, తాళం జేబులో వేసుకుని, లోపలే కూర్చుంది.

కాసేపటికి రోడ్డు వారగా ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. థర్మనే. బూట్లు మంచుకి తడిసి ఉన్నాయి.

"ఏంటక్కా, కారు మొరాయించిందా?"

"లేదు. నువ్వు బస్సు తియ్యకుండా పెట్టా."

థర్మన్ కాసేపు ఆ కారునీ, ఆమెనీ చూశాడు. చేతిలో ఉన్న తాళాలు ఎత్తి చూపించాడు. "ఇవి ఇచ్చెయ్యడానికొచ్చా. ఇంటి దగ్గర్నుంచి నడిచే వచ్చా. నా కారు కూడా ఇక తియ్యను."

"ఆ ముక్క ఫోన్లో చెప్పొచ్చుగా?"

"చెప్తే నమ్మేదానివా?"

ఓజెల్లా అబద్ధం ఆడలేకపోయింది. "లేదు."

"అందుకే," అని అతను ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

లోపల ఏం మాట్లాడుకున్నారో ఆమెకి వినపడలేదు. షెడ్డు చూసే పెద్దావిడ గాభరాగా బయటికొచ్చి ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి తనే బస్సెక్కింది. ఓజెల్లా కారు పక్కకి తీసింది గానీ, ఆవిడ బస్సు తోలుకుంటూ మలుపు తిరిగేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. థర్మన్ గోడ పక్క బల్ల మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంటి దగ్గర దింపుతానంది. నడుస్తానన్నాడు.

మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట. తల్లులు మండిపడ్డారు. "మా పిల్లల ప్రాణాలతో ఆడుకున్నాడా!" అని ఒకావిడ అతని ఇంటి ముందుకెళ్లి కేకలేసింది. థర్మన్ వాకిట్లో నుంచుని అన్నీ విని, "నిజమేనమ్మా, నిజమే," అన్నాడు.

సెలూన్లో మాత్రం క్లియోన్ ఆ కథే ఒప్పుకోలేదు. "నిన్నటిదాకా రోడ్డు మీద ప్రతి బోర్డూ కనపడింది, ఫోటో బయటికి రాగానే కన్ను పోయిందా? ఎవడో లాయరు నేర్పిన మాట ఇది."

అది విని ఓజెల్లా పాత ఫోటోలన్నీ అచ్చు తీయించి, వరసగా చర్చి హాలు గోడకి చిన్న మేకులతో కొట్టింది. థర్మన్ గడ్డం ఏడాదికి కాస్త చొప్పున ఎలా తిరిగిందో చూస్తే గుడ్డివాడికైనా అర్థమవుతుందనుకుంది. క్లియోన్ చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి నడిచాడు.

"చూశావా మిస్ జెల్లా? మొదట్లో ముందుకి చూసేవాడు. రానురాను లానెల్ మీద నుంచి కళ్లు తిప్పలేకపోతున్నాడు. పగ ఎప్పుడు మొదలైందో నీ ఫోటోలే చెప్తున్నాయి."

ఓజెల్లా ఒక్కో ఫోటో మేకు పీకి తీసేసింది. ఆ నెలంతా కెమెరా సంచీలోంచి బయటికి రాలేదు.

ఆకులు రాలే రోజుల్లో లానెల్ నడక చట్రం పట్టుకుని ఇంటికొచ్చాడు. వచ్చిన వారంలోనే సెలూన్‌కి తీసుకెళ్లమన్నాడు. ఓజెల్లానే తీసుకెళ్లింది. కుర్చీలో కూర్చుని, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, అద్దంలో క్లియోన్ కళ్లలోకి చూశాడు.

"థర్మన్ కన్ను సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. వాడు రానంటే నేనే గుర్రం ఎక్కించా. ఈ మాట నాకు ఏ లాయరు నేర్పాడో రేపు కనుక్కుని చెప్పు. ఇప్పుడు మాత్రం కత్తి చూసి పట్టుకో, మెడ ఇప్పుడే అతుక్కుంటోంది."

ఆ తర్వాత క్లియోన్ ఆ మాట ఎత్తడం మానేశాడు, కనీసం లానెల్ వాళ్లు వినేలా. ఊళ్లో కొందరు మాత్రం స్నేహితుణ్ణి కాపాడటానికి లానెల్ అబద్ధం చెప్పాడని ఇప్పటికీ అంటారు.

మార్వెటాకి భర్త, తనకి అంతా ముందే తెలుసన్న సంగతి, సెలూన్‌కి వెళ్లడానికి ముందు రోజు చెప్పాడు. ఆమె కేకలెయ్యలేదు. అన్నం పెట్టేది, మందులిచ్చేది, మంచం మీంచి లేపేది. మాట్లాడటం మానేసింది. ఓజెల్లా వస్తే, "నీకెప్పుడు తెలిసింది వదినా?" అని అడిగింది ఒకసారి. ఓజెల్లా చెప్పింది. మార్వెటా వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "ఆ తర్వాత ఆస్పత్రిలో నాకు కాఫీ కూడా కలిపిచ్చావు," అని లోపలికెళ్లిపోయింది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం లానెల్ థర్మన్‌ని భోజనానికి రమ్మన్నాడు, భార్యని అడక్కుండానే. ఓజెల్లా వంటింట్లో చేపలు మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తోంది. తలుపు చప్పుడైంది. మార్వెటా వెళ్లి తీసింది గానీ గుమ్మంలోంచి పక్కకి తప్పుకోలేదు.

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ లేరు. పగలు దారి కనపడుతుంది," అన్నాడు థర్మన్, టోపీ తీసి పట్టుకుని.

"ఈ కుడి కన్ను?"

"మందు వేస్తున్నా. ఉన్న చూపు నిలబడుతుందన్నారు."

"ఇంకా ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

"ఏం లేదు మార్వెటా."

ఆమె వెనక్కి తిరిగి కుర్చీలో ఉన్న భర్తని చూసింది. లానెల్ తల అడ్డంగా ఊపబోయి, మెడ నొప్పికి ఆగి, "ఏం లేదు," అన్నాడు. మళ్లీ థర్మన్‌ని చూసింది. నమ్మలేదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. చాలాసేపు తలుపు పట్టుకుని అలాగే నుంచుంది. వంటింట్లోంచి ఓజెల్లా గరిటె పట్టుకుని చూస్తూనే ఉంది.

"బూట్లు తుడుచుకుని రా," అంది మార్వెటా చివరికి. "చేపలు చల్లారిపోతున్నాయి."